407 అంటే ఏంటో చెప్పే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక వ్యాసం చదివాను. మన దిక్కు ఇంజనీరింగ్ పిల్లలు సర్టిఫికెట్లు తెస్తారు గానీ ప్రోగ్రాములు పెట్టుకునే గిట్‌హబ్ అనే సైటులో చూపించుకునే పని ఒక్కటీ పెట్టరని, చొరవ తక్కువని అందులో ఉంది. చొరవ సంగతి నాకు తెలియదు. రోజూ నకిరేకల్ నుంచి నల్లగొండ వచ్చి సాఫ్ట్‌వేర్ పని చేసుకుని పోయే మనిషిని నేను. ఆ పని గిట్‌హబ్‌లో పెట్టబోతే మధ్యలో ఏం అడ్డం వస్తుందో మాత్రం బాగా ఎరుక. అది వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఏమనుకోవద్దు.

మా ఆఫీసు గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక బట్టల షాపు పైన ఉంటుంది. ఆరుగురం. హైదరాబాద్‌లో ఉన్న పెద్ద కంపెనీకి మాది చిన్న బ్రాంచి. కంపెనీ పేరు రాయను, జీతం వాళ్లే ఇస్తున్నారు. రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ కాంటా మీదికి ఎక్కిన దగ్గర్నుంచి ఎన్ని బస్తాలు, తేమ 17 శాతం దాటిందా లేదా, సంచి బరువు ఎంత, క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చారా లేదా, ఇవన్నీ.

రెండేళ్ల కిందటి దాకా మా ప్రోగ్రాం అంతా ఫోల్డర్లలో ఉండేది. ‘దసరా ముందు’, ‘దసరా తర్వాత’, ‘సార్ చూసింది’, ‘సార్ చూసింది కాదు ఇది’. నవ్వకండి, ఇవి నిజంగానే ఫోల్డర్ల పేర్లు. ఎవరి దగ్గర కొత్తది ఉంటే వాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాళ్లు. ఒక యాసంగిలో మిర్యాలగూడ మిల్లు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. “ఏందమ్మా, మీ కంప్యూటరు సంచి బరువు రెండుసార్లు గుంజుతున్నది?” అన్నాడు. చూస్తే నిజమే. కొత్త గోనె సంచి బరువు 580 గ్రాములు. కాంటా దగ్గర ఒకసారి తీసేసింది, బిల్లు దగ్గర మళ్లీ తీసేస్తోంది. లారీకి 600 బస్తాలు అనుకోండి, 348 కిలోలు గాలికి పోయినట్టే. మూడున్నర క్వింటాళ్లు! వడ్ల తరుగు అంటేనే రైతులు రోడ్డు మీద కూర్చునే జిల్లా మనది. ఆ లైను ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని 14 ఫోల్డర్లు తెరిచి రెండు రోజులు వెతికాం. దొరకలేదు. నేనే మార్చానేమో అని ఇప్పటికీ ఒక అనుమానం.

ఆ దెబ్బతో గిట్ వాడదామని అనుకున్నాం.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. గిట్ అంటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. కొట్టివేతలు ఉండవు. ఎవరు, ఏ రోజు, ఏ లైను, ఎందుకు మార్చారో ఒకదాని కింద ఒకటి పడుతుంది. వెనక్కి పోయి ఏ రోజు నాటి పేజీ అయినా తీయొచ్చు. ఒక్కో లైను పక్కన అది రాసిన మనిషి పేరు చూపించే కమాండు కూడా ఉంది. దాని పేరే బ్లేమ్. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం చేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టాడు. అప్పటిదాకా వాళ్లు వాడుతున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇవ్వడం ఆపేస్తే, ఆయనే కూర్చుని రాసుకున్నాడు. గిట్‌హబ్ వేరే. అది ఈ ఖాతా పుస్తకాలను ఇంటర్నెట్‌లో దాచిపెట్టుకునే చోటు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన కాలేజీల్లో ఎంత నష్టం జరుగుతోందో తర్వాత చెప్తాను.

ఇంట్లో రాత్రి నేర్చుకున్నాను. యూట్యూబ్ చూసి గంటలో వచ్చింది. పొద్దున ఆఫీసుకు వచ్చి, ప్రోగ్రాంను గిట్‌హబ్‌కు పంపే అదే కమాండు కొట్టాను. ఏమీ లేదు. కర్సర్ మినుకుమినుకుమంటోంది అంతే. టీ తాగొచ్చాను. అప్పుడు చూస్తే ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని ఉంది. ఇటు బ్రౌజర్‌లో మాత్రం గిట్‌హబ్ చక్కగా తెరుచుకుంటోంది. నాకు పిచ్చెక్కింది. సైటు వస్తోంది, గిట్ పోవట్లేదు. ఇదెట్లా?

కాలేజీలో ప్రాక్సీ అంటే రాని దోస్తు బదులు ‘ప్రెజెంట్ సార్’ అనడం. ఆఫీసులో ప్రాక్సీ కూడా దాదాపు అంతే. మా కంప్యూటర్లు నేరుగా బయటికి పోవు. మా బదులు హైదరాబాద్‌లో ఉన్న ఒక మిషన్ బయటికి పోయి, అడిగి, తెచ్చి, చూసి, మాకు ఇస్తుంది. బ్రౌజర్‌కు ఆ మిషన్ అడ్రసు విండోస్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది అక్కడ చూసుకుంటుంది. గిట్ అక్కడ చూడదు. దానికి మనం విడిగా చెప్పాలి. చెప్పకపోతే నేరుగా గోడ మీదికి పోయి గుద్దుకుంటుంది. పైగా గిట్‌హబ్‌కు పోయే రెండు దారుల్లో నేను ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిలో పోయాను, దానికి 22వ నంబరు పోర్టు, అంటే తలుపు, కావాలి. ఆఫీసు నెట్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్ ఆ పోర్టు మూసింది. మూసిందని చెప్పి ఉంటే బాగుండేది. స్విచ్ఛాఫ్ అనదు, బిజీ అనదు, అవతల ఎవరూ ఎత్తని ఫోన్‌లాగా రింగవుతూనే ఉంటుంది. 

హైదరాబాద్ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాను. “టికెట్ రేజ్ చేయండి మేడం” అన్నాడు అబ్బాయి. టికెట్ అంటే ఫిర్యాదు. ఆ ఫారంలో ప్రింటర్, మౌస్, మెయిల్, ‘ఇతర’ అని నాలుగు ఉన్నాయి. ‘ఇతర’లో వేశాను. నాలుగో రోజు జవాబు వచ్చింది: ‘బ్రౌజర్‌లో సైట్ ఓపెన్ అవుతోంది, సమస్య లేదు.’ టికెట్ మూసేశారు. మళ్లీ వేశాను. ఇట్లా 11 రోజులు.

చివరికి మా పక్క సీటు అబ్బాయి, వాడికి హైదరాబాద్‌లో దోస్తులున్నారు, ప్రాక్సీ అడ్రసు, పోర్టు నంబరు కనుక్కుని ఫోన్‌లో చెప్పాడు. నేనప్పుడు బస్సులో ఉన్నాను. చేతిలో కాగితం లేక జీరో టికెట్ వెనక రాసుకున్నాను. ఆ టికెట్టు ఇప్పటికీ నా పర్సులో ఉంది. కంపెనీ రహస్యం ఏమీ కాదండీ అది, ఒక పేరు, ఒక నంబరు. గేటు ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి ఇంత అవస్థ.

మర్నాడు ఎస్‌ఎస్‌హెచ్ వదిలేసి, బ్రౌజర్ వాడే హెచ్‌టీటీపీఎస్ పద్ధతికి మారాను. గిట్ కాన్ఫిగ్‌లో, అంటే దాని సెట్టింగుల ఫైలులో, హెచ్‌టీటీపీ డాట్ ప్రాక్సీ అని ఆ అడ్రసు పెట్టాను. చాలామంది నోట్సుల్లో హెచ్‌టీటీపీఎస్ డాట్ ప్రాక్సీ అని ఇంకొకటి కూడా పెట్టమని ఉంటుంది. గిట్‌కు అట్లాంటి సెట్టింగే లేదు, మొదటిదే రెండింటికీ సరిపోతుంది. ఈ సంగతి తెలియక నేను రెండోది పది రకాలుగా రాసి చూశాను. సరే, ఈసారి కర్సర్ ఆగలేదు, టక్కున జవాబు వచ్చింది. 407.

404 అందరికీ తెలుసు, వెతికింది లేదని. 407 అంటే గేటు దగ్గరి మనిషి ‘నువ్వెవరు, గుర్తింపు చూపించు’ అనడం. అంటే కనీసం గేటు దాకా వచ్చాం. సంతోషపడ్డాను కూడా. అడ్రసుకు ముందు నా యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టాలి. పెట్టాను. మళ్లీ ఎర్రర్, ఈసారి వేరేది, అసలా ప్రాక్సీయే దొరకలేదని. మళ్లీ పెట్టాను. అదే. రెండు సాయంత్రాలు పోయాయి. జరిగిందేమిటంటే, నా పాస్‌వర్డులో @ ఉంది. ఆఫీసు వాళ్లే పెట్టుకోమన్నారు, ‘ఒక ప్రత్యేక గుర్తు తప్పనిసరి’ అని. గిట్ ఆ అడ్రసు చదివేటప్పుడు @ తర్వాత ఉన్నదంతా మిషన్ పేరు అనుకుంటుంది. నా పాస్‌వర్డులో సగం ముక్క మిషన్ పేరులో కలిసిపోయింది. @ బదులు %40 అని రాయాలట. అంతే. ఆ మూడు అక్షరాలు చెప్పేవాళ్లు లేక రెండు రోజులు.

అది కూడా ఊరికే పోలేదు. సరిచేద్దామని రకరకాలుగా కొట్టిన తప్పు పాస్‌వర్డుల వల్ల నా అకౌంట్ లాక్ అయింది. మా ఆఫీసులో హాజరు కూడా అదే అకౌంట్‌తో. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని పని చేసిన మనిషికి ఆబ్సెంట్ పడింది.

ఇంకో సంగతి అప్పుడే కంటపడింది. ఆ కాన్ఫిగ్ ఫైలులో నా పాస్‌వర్డు ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది. తెరిచి చూసిన ఎవరికైనా. దాన్ని అట్లా పెట్టకుండా సీఎన్‌టీఎల్‌ఎం అనే చిన్న ప్రోగ్రాం ఉంది. అది మన కంప్యూటర్లోనే కూర్చుని, గుర్తింపు సంగతి తానే చూసుకుంటుంది, గిట్‌కు పాస్‌వర్డు చెప్పక్కర్లేదు. కానీ ఏ ప్రోగ్రాం వేయాలన్నా అనుమతి కావాలి. అనుమతికి టికెట్. ‘ఇతర’.

గేటు దాటాక అసలు కథ మొదలైంది. ‘సర్టిఫికెట్ సమస్య, జారీ చేసినవారు తెలియదు’ అన్నట్టు ఒక ఎర్రర్. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఆఫీసుల్లో అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను.

పోస్టులో కవరు వస్తే మనం అంటించినచోట ఒకసారి చూస్తాం, ఎవరన్నా విప్పారేమోనని. ఇంటర్నెట్‌లో తాళం గుర్తు ఉన్న సైట్లకు అట్లాంటి సీలు ఉంటుంది. పెద్ద ఆఫీసుల్లో ప్రాక్సీ ఏం చేస్తుందంటే, లోపలికి వచ్చే ప్రతి కవరునూ విప్పి, వైరస్ ఉందేమో చూసి, మళ్లీ అంటించి తన సొంత సీలు వేసి మనకిస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కు ముందే చెప్పి పెడతారు, ‘ఈ సీలు మనదే, నమ్ము’ అని. అందుకే బ్రౌజర్ నోరెత్తదు. గిట్ చాలాసార్లు తన దగ్గరున్న సీళ్ల జాబితానే చూస్తుంది. అందులో మన కంపెనీ సీలు లేదు. కవరు ఎవరో విప్పారని అది ఆగిపోతుంది. దాని తప్పేమీ లేదు, అది చేయాల్సిన పనే చేసింది.

దీనికి నెట్‌లో ఎక్కడ వెతికినా మొదట కనబడే సలహా ఒక్కటే. ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఫాల్స్ అని పెట్టు. అంటే సీలు చూడటమే మానెయ్ అని. నేను పెట్టాను. గ్లోబల్ అని కూడా పెట్టాను, అంటే ఈ ఒక్క ప్రాజెక్టుకు కాదు, ల్యాప్‌టాప్‌లో గిట్ ముట్టుకునే ప్రతిదానికీ. వెంటనే పనిచేసింది. చప్పట్లు కొట్టుకున్నాం. మిగతా ఐదుగురికీ నేనే వాట్సాప్‌లో పంపాను ఆ లైను.

మూడు నెలలు అట్లాగే తిరిగాను. అదే ల్యాప్‌టాప్ ఇంటికి పోయింది, చుట్టాలింటికి పోయింది, పెళ్లిలో ఫంక్షన్ హాలు వైఫైకి కలిసింది. అక్కడ మధ్యలో ఎవడన్నా కూర్చుని ‘నేనే గిట్‌హబ్’ అన్నా నా గిట్ నమ్మేది. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు మామూలు పాస్‌వర్డు తీసుకోవడం మానేసింది, టోకెన్ అని పొడుగాటి అక్షరాల వరస ఇవ్వాలి. ఆ టోకెన్ వాడి చేతికి నేనే ఇచ్చినట్టయ్యేది. మిర్యాలగూడ మిల్లుల లెక్కలన్నీ దాని వెనకే ఉన్నాయి.

సరైన పద్ధతి ఏమిటో తెలిశాక తల పట్టుకున్నాను. కంపెనీ సీలు ఫైలు ఒకటి ఉంటుంది, అది ఫలానా చోట ఉందని గిట్‌కు చెప్తే చాలు. లేదా విండోస్ అయితే ఇంకా తేలిక. ‘సీళ్ల జాబితా నీది కాదు, విండోస్‌ది చూడు’ అని ఎస్‌చానెల్ అనే మాటతో ఒక్క లైను. ఒక్కటే లైను! సీలు చూడటం ఆగదు, పని ఆగదు. హెల్ప్‌డెస్క్ అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు. కానీ ఆ ప్రాక్సీ పెట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా? కవర్లు విప్పే ఏర్పాటు చేసినవాళ్లు, విప్పుతున్నామని అందులో పనిచేసేవాళ్లకు చెప్పాలి కదా.

ఇక మా రూములో అసలు జరిగేది వినండి. ఇదంతా ఎవరు పడతారని మిగతావాళ్లు ఒక దారి పట్టారు. సాయంత్రం ఆరవుతుంది, కిటికీ గట్టు మీద మూడు ఫోన్లు వరసగా నిలబెడతారు, సిగ్నల్ అక్కడే బాగుంటుంది. హాట్‌స్పాట్ ఆన్. ఆఫీసు నెట్ తీసేసి, ఫోన్ నెట్ మీద కోడ్ పంపించి, మళ్లీ ఆఫీసు నెట్‌కు వస్తారు. రెండు నిమిషాల పని. అంటే లక్షలు పోసి కట్టిన ఫైర్‌వాల్ పక్కనుంచి, కిటికీలోంచి రోజూ కోడ్ బయటికి పోతోంది, లోపలికి వస్తోంది. ఎవరికీ ఏ రికార్డులోనూ కనబడదు. హైదరాబాద్‌లో కూర్చున్న సార్‌కు రిపోర్టులో అంతా పచ్చగానే ఉంటుంది. “అక్కా, నువ్వొక్కదానివే ప్రాక్సీ ప్రాక్సీ అని తిరుగుతున్నవ్” అని నన్ను నవ్వేవాళ్లు.

తాళాలు వద్దని నేను అనడం లేదు. ఆ హాట్‌స్పాట్ రోజుల్లోనే కొత్తగా చేరిన పిల్లాడు ఒక రిపాజిటరీని, అంటే గిట్‌హబ్‌లో ఉన్న ఒక ఖాతా పుస్తకాన్ని, ప్రైవేటు అనుకుని పబ్లిక్‌గా పెట్టాడు. అందులో టెస్టింగ్ కోసమని పెట్టిన ఫైలులో మిల్లు ఓనర్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు నిజమైనవే ఉన్నాయి. గంటన్నరలో చూసి తీసేశాం. తీసేస్తే పోతుందా? ఖాతా పుస్తకం అన్నాను కదా, వెనక పేజీలో అది అట్లాగే ఉంటుంది. పాత చరిత్ర మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, టెన్షన్. ఆ రోజు ఫైర్‌వాల్ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. నెట్‌వర్క్ మనిషి భయపడేది ఇట్లాంటి వాటికే, ఆయన భయం వట్టిది కాదు. కానీ ఆ పిల్లాడు కిటికీ దారిన ఎందుకు పోయాడంటే గేటు దారి ఎవరూ చూపించలేదు కాబట్టి.

ఇప్పుడు మీ వ్యాసంలోని పిల్లల దగ్గరికి వస్తాను. మా అక్క కొడుకు ఈ జిల్లాలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం. కాలేజీ పేరు వద్దు. వాళ్ల ల్యాబ్‌లో గిట్‌హబ్ అసలు తెరుచుకోదు. ఫైర్‌వాల్‌లో సైట్లను రకాలుగా విడగొట్టి మూస్తారు: సినిమాలు, ఆటలు, ఫైల్ షేరింగ్. గిట్‌హబ్ ఈ మూడోదాంట్లో పడింది. ఇది మన కాలేజీలకే పట్టిన తెగులు కాదు. 2014 డిసెంబరులో ఢిల్లీలో టెలికాం శాఖ వాళ్లే 32 సైట్లు మూయమన్న జాబితాలో గిట్‌హబ్ కూడా ఉంది, తర్వాత తెరిచారు. ల్యాబ్ సార్‌ను అడిగితే “సెంట్రల్‌గా పెట్టింది బాబూ, నా చేతిలో లేదు” అన్నాడట. పిల్లలు ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్‌లలో మోస్తారు. ల్యాబ్‌లో పెట్టి తీస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ మీలో చాలామందికి ఎరుకే. మావాడు ఒకసారి సబ్మిషన్ ముందు రోజు అంతా పోగొట్టుకుని, నకిరేకల్ వచ్చి మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“చిన్నమ్మా, నెట్ లేకుంటే గిట్ ఎట్ల?” అన్నాడు.

గిట్‌కు నెట్‌తో సంబంధమే లేదని చెప్తే వాడు నమ్మలేదు. అందరూ చేసే పొరపాటే అది. గిట్ పుట్టిందే అట్లా, ప్రతి కంప్యూటర్లోనూ మొత్తం ఖాతా పుస్తకం ఉంటుంది. కమిట్ చేయడం (అంటే మార్పును ఖాతాలో రాయడం), పాతది తీయడం, విడిగా కొమ్మలు వేసి పని చేయడం, బ్లేమ్ చూడటం, వీటిలో దేనికీ ఇంటర్నెట్ అక్కర్లేదు. లైనక్స్ వాళ్లు ఇవాళ్టికీ మార్పులను ఈమెయిల్‌లో పంపుకుంటారు. పెన్‌డ్రైవ్‌లోనే మోయాలంటే దానికీ పద్ధతి ఉంది, గిట్ బండిల్ అంటారు. చరిత్రతో సహా ప్రాజెక్టు మొత్తాన్ని ఒక్క ఫైలుగా మూట కడుతుంది. అవతల కంప్యూటర్లో ఆ మూట నుంచే క్లోన్, అంటే పూర్తి నకలు, చేసుకోవచ్చు. ఆ ఆదివారం మా హాల్లో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, వైఫై ఆపేసి చేసి చూపించాను. వాడి ల్యాప్‌టాప్‌లో మూడు కమిట్లు, నా దాంట్లోకి మూట, నేను ఒక లైను మార్చి మళ్లీ మూట, వాడి దగ్గర కలుపు. వాడు రాసిన లైను పక్కన వాడి పేరు, నాది పక్కన నా పేరు. బ్లేమ్ చూసి వాడి మొహం వెలిగిపోయింది. “ఇది నెట్ లేకుంటనే అయితదా?” అని రెండుసార్లు అడిగాడు.

దీనికన్నా మంచిది ల్యాబ్‌లోనే ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టడం. బేర్ రిపాజిటరీ అని ఒక ఫోల్డర్ చేస్తే అరవై మంది పిల్లలూ తమ కమిట్లను దాంట్లోకే పంపుతారు, దాన్నే పుష్ అంటారు. ఫైర్‌వాల్‌లో ఒక్క చిల్లు కూడా పెట్టక్కర్లేదు. ఖర్చు కరెంటు. మూలన పడి ఉన్న సీపీయూ చాలు. ప్రాక్సీ పెట్టిన కాలేజీ అయితే, ఈ లోపలి సర్వర్‌కు మాత్రం ప్రాక్సీ దారిన పోవద్దని నో ప్రాక్సీ జాబితాలో దాని పేరు వేయాలి. లేకపోతే పక్క బెంచీలో ఉన్న మిషన్‌ను అడగడానికి బయటి గేటు దగ్గరికి పోయి నిలబడుతుంది. మావాడి కాలేజీలో ఈ పని ఇంకా కాలేదు. హెచ్‌ఓడీ గారు ‘చూద్దాం’ అన్నారట.

ఇంట్లో ఇంకో తిప్పలు ఉండేది, ఇప్పుడే చెప్పకపోతే మరిచిపోతాను. ఆఫీసు ప్రాక్సీ పెట్టిన ల్యాప్‌టాప్ నకిరేకల్ వస్తే దానికి ఇల్లు చేరానని తెలియదు. హైదరాబాద్ మిషన్ కోసం వెతికి, ప్రాక్సీ దొరకలేదని అలుగుతుంది. మొదట్లో ఇది తెలియక ఇంటి నెట్ పాడైందని కేబుల్ అబ్బాయిని రెండుసార్లు పిలిపించాను, పాపం. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద రెండు చిన్న ఫైళ్లు ఉన్నాయి, ఒకదాని పేరు ‘ఆఫీసు’, ఒకదాని పేరు ‘ఇల్లు’. మొదటిది నొక్కితే ప్రాక్సీ పెడుతుంది, రెండోది తీసేస్తుంది. మా పాపకు కూడా తెలుసు ఏది ఎప్పుడు నొక్కాలో.

మరి నేను అడిగేది ఏమిటంటే, పెద్దదేమీ కాదు. ఎక్కడ ప్రాక్సీ పెట్టారో అక్కడ గోడకు ఒక కాగితం అంటించండి. ప్రాక్సీ అడ్రసు, పోర్టు. కంపెనీ సీలు ఫైలు ఎక్కడ ఉంది, గిట్‌కు ఎట్లా చెప్పాలి. 22 మూసిన చోట గిట్‌హబ్ వాళ్లు 443 పోర్టు మీద ఎస్‌ఎస్‌హెచ్ కోసం వేరే అడ్రసు పెట్టారు, ఎస్‌ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్ అని. దాన్ని మీ ఆఫీసులో వాడొచ్చా, వాడొద్దా. వాడొద్దంటే వాడొద్దనే రాయండి, పర్వాలేదు, కిటికీ దగ్గర ఫోన్లు నిలబెట్టేవాళ్లకు కనీసం అడిగే చోటు ఉంటుంది. కింద ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు. టికెట్ నంబరు కాదు, మనిషి. 2023లో మన నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఐటీ భవనాలు తెరిచారు, సంతోషం. హైదరాబాద్ నుంచి వైరు లాగితే ఆఫీసు అయిపోదు. హైదరాబాద్‌లో అయితే పక్క క్యాబిన్‌కు పోయి అడుగుతారు. మాకు పక్క క్యాబిన్ వంద కిలోమీటర్ల దూరం.

మీ పత్రిక వాళ్లు ఈసారి పిల్లల చొరవ గురించి రాసేటప్పుడు ఏదైనా ఒక ల్యాబ్‌కు పోయి, ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, గిట్ క్లోన్ అని కొట్టి చూడమని మనవి. టీ చెప్పి కూర్చోండి.

మా ఆఫీసు సంగతి: ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై లైను ఆరుగురి ల్యాప్‌టాప్‌లలోనూ నేనే తీయించాను, పంపింది నేనే కదా. నా రెండో టికెట్ మొన్నటికీ తెరిచే ఉంది. ఎదురుచూసి లాభం లేదని ఆ కాగితమేదో నేనే చేత్తో రాసి వాటర్ క్యాన్ పక్కన అంటించాను. మనిషి పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత పెట్టాను. వారం తర్వాత చూస్తే ఆ గీత అట్లాగే ఉంది గానీ, కాగితం అడుగున ఎవరో ఎర్ర పెన్నుతో ఒక ముక్క చేర్చారు: ‘పాస్‌వర్డులో # ఉంటే %23’.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నకిరేకల్
(పేరు, ఆఫీసు వివరాలు అచ్చు వేయవద్దని మనవి)